విరగని ఫ్రేము

చెల్లెలు పోయాక అక్క కలల్లో లోకమంతా మసకగానే ఉండేది. ఆ మసకలోంచి చెల్లెలు తడుముకుంటూ వచ్చి, "అక్కా, నా కళ్ళజోడేదే?" అనేది. అక్క అందించబోయేది. ఈలోగా తెల్లారిపోయేది.

అక్కది కళ్ళజోళ్ళ దుకాణం. చెల్లెలు వంకరపోయిన జోడు తెచ్చినప్పుడల్లా, "మీద కూర్చున్నానే" అని నవ్వేసేది. "చూసి కూర్చోవే తల్లీ, నీ బరువుకి నా దుకాణం మూతబడేలా ఉంది" అని అక్క ఆటపట్టించేది. చివరికి ఎంత వంచినా విరగని ఫ్రేము తెప్పించి పెట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయింది. ఫ్రేము నిజంగానే విరగలేదు. మెట్ల కింద, చెల్లెలి శవం పక్కన చెక్కుచెదరకుండా దొరికింది. తోసింది మొగుడేనని ఆనక తేలింది. మీద కూర్చుంటే చెవులకి తగిలించుకునే కాడలు రెండూ బార్లా పరుచుకుంటాయి. చెంపదెబ్బకి ఒక్కటే వంగుతుంది, చెల్లెలి జోడుకి వంగినట్టు. అది తెలిసి కూడా అక్క అన్నిసార్లు సరిచేసి ఇచ్చింది. ఎంత గుడ్డిది!

ఒక మధ్యాహ్నం, ఊరికి కొత్తగా వచ్చి కుట్టుపని చేసుకునే ఒకావిడ మొగుడితో కలిసి వచ్చింది. "దీనిమీద కూర్చున్నానండీ" అంటూ జోడు తీసి ఇచ్చింది. ఎడమ కాడ ఒక్కటే వంగి ఉంది. అక్క జోడుని అటూ ఇటూ తిప్పి చూసింది. అడిగితే ఈమె మళ్ళీ ఈ గడప తొక్కదేమో. అడక్కపోతే?

"చూపు పరీక్షించాలి. చీకటి గది, ఒక్కరే రావాలి" అంది. మొగుడు గొణుక్కుంటూ వెళ్ళి బయట బెంచీమీద కూర్చున్నాడు.

గదిలో అక్షరాల పెట్టె వెన్నెలలా వెలిగింది. వీధి చప్పుళ్ళు నీళ్ళ అడుగునుంచి వినిపిస్తున్నట్టున్నాయి. జోడు లేని ఆ ముఖం ఆ కాస్త వెలుగులో అచ్చం చెల్లెలి ముఖంలా కనిపించి, అక్కకి ఇది కలో నిజమో తెలియలేదు.

"కొట్టాడా అమ్మా?"

ఆమె చెంప తడుముకుంది. "కోపమొస్తే అంతేనండీ. మళ్ళీ మామూలే."

"నా చెల్లెలూ మీద కూర్చున్నాననే చెప్పేది."

ఆమె ఆశగా ఇటు తిరిగింది. "ఇప్పుడు బాగుందా అండీ?"

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి అక్కని ఈ మాట ఎవరూ అడగలేదు. బాగుందని చెప్పేస్తే ఈమె కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. అక్కకి ఏడుపు ముంచుకొచ్చింది.

"చచ్చిపోయిందమ్మా. జోడు బాగుచేసి నేనే ఇంటికి పంపేదాన్ని."

ఆమె చీకట్లో అక్క చెయ్యి వెతికి పట్టుకుంది. "నన్ను పంపకండి."

అక్క తలుపు తీసి, వీధంతా వినేలా, "ఈవిడ ఇంటికి రాదు. నాతో పోలీస్ స్టేషన్‌కి వస్తోంది" అంది. మొగుడు బెంచీమీంచి లేచాడు. అక్క గుమ్మంలోంచి కదల్లేదు.