తలుపుకి ఇటూ అటూ

రైల్వే ఊరైన చరోదాలో ఉన్న నాలుగైదు యూదు కుటుంబాలూ శనివారం ప్రార్థనకి చేరేది శంకరరావు గారి ముందుగదిలోనే. ఆయన రిటైరైన రైల్వే గార్డు. దేవుడి దగ్గరైనా టైము టైమే అనే మనిషి. పోయిన వారం కృష్ణమోహన్ వాళ్లు ఆలస్యంగా రావడమే కాక, వాళ్ల పది నెలల పిల్ల ప్రార్థన అయ్యేదాకా గుక్కపెట్టి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే ఆయన తలుపుకి కాగితం అంటించారు: "తొమ్మిదికి తలుపు మూయబడును. ఆలస్యముగా వచ్చినవారు ప్రార్థన ముగియువరకు బయట నిశ్శబ్దముగా వేచియుండవలెను."

"దేవుడి కాడికొచ్చినోళ్లని గుమ్మంలో ఆపీడమేటి?" అంది భార్య అప్పయమ్మ.

"భక్తన్నాక ఒక పద్ధతుండాల," అన్నారాయన.

ఈ శనివారం తొమ్మిదవగానే గడియ పెట్టేశారు. తీరా చూస్తే లోపల తొమ్మిదిమందే. పదిమంది పెద్దవాళ్లు లేనిదే వాళ్ల సామూహిక ప్రార్థన సాగదు. వస్తార్లే అని కూర్చున్నారు. అరగంట గడిచింది. అందరిలోకీ పెద్దాయన తాతబ్బాయి గారు గోడకి ఆనుకుని గురక కూడా మొదలెట్టారు.

"ఈ కాలం వాళ్లకి దేవుడంటే లెక్కలేదు!" అని శంకరరావు గారు చిర్రుబుర్రులాడుతుండగా, ఎదురింటి దుర్గాదేవి గొంతు వీధంతా మోగింది.

"ఏటండీ శంకరరావు గారూ! సుట్టాల్ని ఎండలో నిలబెట్టీసి లోపలేటి సేస్తన్నారు?"

ఆయన గబగబా తలుపు తీశారు. మెట్ల మీద కృష్ణమోహన్, పిల్లని చంకనెత్తుకున్న అతని భార్య సుచిత్ర, పక్కూరు కుమ్హారి నుంచి ప్రార్థనకి వచ్చిన మరో ఇద్దరు. చెమటలు కారిపోతున్నా కిక్కురుమనకుండా నిలబడి ఉన్నారు.

"తలుపు కొట్టొచ్చు కదయ్యా!"

"నిశ్శబ్దంగా ఉండమన్నారు కదా అంకుల్," అంది సుచిత్ర గుసగుసగా. "ప్రార్థన ఎప్పుడైపోతుందా అని చూస్తున్నాం."

"మీరెప్పుడొస్తారా అని మేం సూస్తన్నాం!" అంది అప్పయమ్మ.

శంకరరావు గారికి తల కొట్టేసినట్టయింది. తనే మంచినీళ్లు తెచ్చి అందరికీ ఇచ్చారు. ప్రార్థన మొదలైంది. "ఓ ఇశ్రాయేలూ, వినుము" అనే చోట అందరూ చేత్తో కళ్లు మూసుకుంటారు. అంతకంటే గంభీరమైన ఘట్టం ఇంకోటి లేదు. గదంతా కళ్లు మూసుకుంది. ఇంతమంది పెద్దవాళ్లు తనతో దోబూచులాడుతున్నారనుకుంది కాబోలు, వాళ్లు చేతులు తీయగానే పిల్ల కిలకిలా నవ్వింది.

సుచిత్ర కంగారుగా లేవబోయింది.

"కూకో తల్లీ," అన్నారు శంకరరావు గారు. పెదాలు ఎంత బిగబట్టినా లాభం లేకపోయింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. ఆ తరవాత గొంతు సవరించుకుని, ఆ వాక్యం అందరిచేతా మళ్లీ చెప్పించారు. ఈసారి మాత్రం ఆయన వేళ్ల సందుల్లోంచి పిల్ల వైపు చూశారు.

వెళ్లేటప్పుడు సుచిత్రని పక్కకి పిలిచారు.

"పిల్లని పతీవారం తీసుకురామ్మా. కాపోతే నాకెదురుగా కూకోకు. ప్రార్థన సేయించాల్సినోణ్ని నేను."