అన్నిటికీ ఒకే కీ

సొరంగం వంపులోని మూడు సెన్సర్లు పొద్దుట్నుంచీ ఒకే అంకె చూపిస్తున్నాయి. గనిలో గాలి అంత బుద్ధిగా ఎప్పుడూ ఉండదు. కంట్రోల్ రూములో తెర ముందు కూర్చున్న ఇంజనీరు కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ వంపులోనే ఆమె భర్త డ్రిల్లు పట్టుకుని ఉన్నాడు.

"బావా, ఇటొచ్చి చూడు."

గ్యాస్ కొలిచే సెన్సర్ల కాంట్రాక్టు ఆమె అక్క మొగుడిది, ఆమె ఉద్యోగం అతని దగ్గరే. అతను తెర వైపు తీరిగ్గా చూశాడు. "గ్యాసే లేదు. నీకేం నొప్పి?"

"ఎవరో మన సెన్సరొకటి కొట్టేసి, దాని కీతో దొంగ అంకెలు పంపుతున్నారు. సైరన్ మోగితే బోనస్ పోతుందని ఏడ్చేవాళ్లు తక్కువమంది ఉన్నారా?"

బావ మొహం తిప్పుకున్నాడు. ప్రతి సెన్సరూ తన కబురుకు కీ అనే రహస్య అంకెతో తాళం వేసి పక్కదానికి అందిస్తుంది. అదే కీ ఉన్నది తెరిచి పైకి చేరవేస్తుంది. ఒక్కోదానికి వేర్వేరు కీలు గుప్పెడు ఇవ్వాలని, పక్కదానితో ఒక్కటి కలిస్తే చాలని, సెన్సర్లు బిగించేటప్పుడు ఆమె పథకం వేసింది. ఒకటి దొంగల పాలైనా మిగతావి భద్రం. వంపు దగ్గర రెండింటికి ఒక్కటీ కలవలేదు. మధ్యలో ఇంకో సెన్సరు పెడదామంది.

"పక్కపక్కనుండి మాట్లాడుకోకపోవడానికి అవేమైనా తోడికోడళ్లా?" అని నవ్వి, బావ అన్నిటికీ ఒకే కీ వేయించాడు.

"ఆ కీ ఇప్పుడే రద్దు చేస్తున్నా," అందామె.

"అన్నీ మూగబోతాయి, గని ఆగుతుంది, నా కాంట్రాక్టు పోతుంది. మీ అక్క కాపురం గురించి ఆలోచించు."

"నా కాపురం కిందుంది బావా."

మీట నొక్కింది. తెర నల్లబడింది, సైరన్ మోగింది. షిఫ్టు మొత్తం పైకొచ్చింది. చేతి మీటరుతో కిందికెళ్లొచ్చిన సూపర్‌వైజరు గ్యాస్ ప్రమాదపు గీత దాటలేదన్నాడు. తెర చూపినదానికి చాలా రెట్లుందని ఆమె మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

"నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు భర్త.

మర్నాడు గేటు దగ్గరే బావ ఆమె పాస్ తీసేసుకున్నాడు. "కొత్త కీ వేయించాన్లే. ఇక నిశ్చింతగా ఇంట్లో కూర్చో."

"కిందికి దిగి వేశారా?"

"దిగడమెందుకు? నువ్వు చేసిన రద్దు తీసేసి, కొత్త కీకి పాత కీతోనే తాళం వేసి పైనుంచి పంపాం. అన్నీ అందుకున్నాయి."

అన్నీ. దొంగ చేతిలో ఉన్న సెన్సరు కూడా.

ఆమె పరుగున వెళ్లి, లిఫ్టు ఎక్కబోతున్న భర్త చొక్కా పట్టుకుంది. "వెళ్లకు."

వెనకున్నవాళ్లు నవ్వారు. "మళ్లీ మొదలెట్టావా?" అంటూ అతను ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి లోపలికెళ్లి, తలుపు తనే మూసుకున్నాడు.