పిడికెడు బియ్యం డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. పుట్టుక గొప్పదేమీ కాదు. కిరసనాయిలు మోసి మోసి సొట్టలు పడ్డ ఒక పాత టిన్నును సంతలో డబ్బాలు చేసే మస్తాను విప్పి, సుత్తితో సాపు చేసి, అతుకులకు మాటు వేసి నన్ను తయారుచేశాడు. మూత బాగా బిగుతుగా కుదిరింది. "దీని మూత తియ్యాలంటే దేవుడు దిగిరావాల" అని వాడే నవ్వాడు. ఆ నవ్వులాట మాటే తర్వాత నా పాలిట శాపమైంది. డబ్బాకు చెవులేమిటని మీరు అడగొచ్చు. గోడలకు ఉండగా నాకెందుకు ఉండకూడదు? నాకు లేనిది నోరే. అది ఉండి ఉంటే ఒక ముసలామె మరికొన్నాళ్ళు బతికేది.

ఆమె పేరు తబితమ్మ. గోదావరి పాయల నడుమ ఒక లంకలో, పేటలో ఆమె ఇల్లు. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు ఏసుపాదాన్ని కొబ్బరి తోటల్లో కూలి చేసి పెంచింది. నన్ను కొన్న రోజునే వంటింటి గూట్లో పెట్టి ప్రార్థన చేసింది. రేకు డబ్బాకు ప్రార్థన ఏమిటని నేను సిగ్గుపడ్డాను గానీ, నా పని ఏమిటో తెలిశాక కాస్త గర్వపడ్డాను కూడా.

వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగడానికి ముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పేరున పక్కన పెట్టాలి. ఆదివారం వాటిని చర్చికి తీసుకెళ్ళి గోనెసంచిలో పోయాలి. ఆ బియ్యాన్ని పేటలో దిక్కులేని విధవరాండ్రకు పంచుతారు. ఆ సంచి దగ్గర నేను మనుషుల్ని చాలామందిని చూశాను. ఇచ్చేటప్పుడు పిడికిలి, పుచ్చుకునేటప్పుడు దోసిలి. తబితమ్మ పిడికిలి మాత్రం ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లోనూ చిక్కిపోలేదు. తానూ విధవరాలే అయినా ఆ వరసలో ఏనాడూ నిలబడలేదు. చర్చి పాస్టరు అయ్యగారు అడిగితే, "నాకు చేతులున్నాయి కదండీ" అనేది.

ఏసుపాదానికి పెళ్ళయింది. కోడలు రూతు వచ్చింది. వాళ్ళకు కెజియా పుట్టింది. ఆ పిల్లకు మూడేళ్ళప్పుడు గోదావరి పొంగి లంకను ముంచేసింది.

ఏసుపాదం గేదెల్ని తోలుకుని గట్టు మీదకు వెళ్ళి అక్కడే చిక్కుపడిపోయాడు. అత్తాకోడళ్ళు పిల్లను ఎత్తుకుని బడి మేడ ఎక్కారు. తబితమ్మ ఇంట్లోంచి తెచ్చింది నన్నొక్కదాన్నే. నా నిండా బియ్యం ఉన్నాయి. మేడ మీద మొత్తం పంతొమ్మిది మంది. ఒకరి దగ్గరా గింజ లేదు. చుట్టూ ఎర్రటి నీళ్ళు.

మొదటి రోజు మధ్యాహ్నానికే రూతు అడిగింది. "అత్తా, డబ్బా మూత తియ్యి. పిల్ల ఆకలికి ఏడుత్తంది."

"అది మనది కాదే. దిక్కులేనోళ్ళది. పడవ వత్తాది, ఇంకాసేపు ఓర్చుకో."

తబితమ్మ రాతి గుండె మనిషి కాదు. పడవ వస్తుందని నిజంగా నమ్మింది. దేవుడి మీద ఎంత నమ్మకమో పడవ మీద కూడా అంతే. కానీ పడవ రాలేదు. రెండో రోజు సాయంత్రానికి పిల్ల ఏడుపు మానేసింది. కళ్ళు తేలేసింది. రూతు అప్పుడు అరవలేదు. చాలా మెల్లగా అంది.

"నీ దేవుడు తిని బతకాలి, నా బిడ్డ సచ్చిపోవాలి. అంతేనా అత్తా?"

తబితమ్మ నా మూత పట్టుకుంది. రాలేదు. వానకు తడిసి తుప్పుతో బిగుసుకుపోయింది. ఆమె గోరు ఊడింది, రక్తం నా అంచు మీద కారింది. పళ్ళతో లాగింది. చివరికి నన్ను పిట్టగోడకేసి బాదింది. మూత ఎగిరిపడింది. నాకు ఒక పక్క పెద్ద సొట్ట పడింది గానీ, ఆ దెబ్బ ఇంకా ముందే తగలాల్సిందని నాకు తెలుసు. ఎవరో బెంచీ విరిచి మంట వేశారు. పంతొమ్మిది మందికీ గంజి కాచారు. మొదటి గుక్క కెజియా నోట్లో పోశారు. పిల్ల బతికింది. మర్నాడు మధ్యాహ్నం పడవ వచ్చింది.

ఆ తర్వాత పేటంతా తబితమ్మను మెచ్చుకుంది. మీ డబ్బా మమ్మల్ని బతికించిందండీ అని ఎవరైనా అంటే ఆమె అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేది. అందరికీ గుర్తున్నది గంజి. ఆమెకు గుర్తున్నది దానికి ముందటి రెండు రోజులు.

ఆనాటి నుంచి నా మూత ఎప్పుడూ వదులుగానే ఉండేది. తల్లులు కూలికి వెళ్ళిన పిల్లలు గుమ్మంలోకి వస్తే చాలు, నాలోంచి బియ్యం తీసి వండి పెట్టేది. ఆదివారం నన్ను ఎత్తి చూసి అయ్యగారు, "తబితమ్మ గారూ, డబ్బా ఈ మధ్య తేలికైపోయిందండీ" అనేవారు.

"ఏం చెయ్యనండీ, దేవుడు దారిలోనే వచ్చి తినేసి పోతన్నాడండీ" అనేది తబితమ్మ.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. కెజియా నర్సయి కాకినాడలో ఉద్యోగం చేస్తోంది. ఎనభై దాటిన తబితమ్మకు మతిమరుపు మొదలైంది. ముందు వారాల పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు పోయాయి. చివరికి అన్నం తినడం కూడా మానేసింది, కానీ అది ఎవరికీ తెలియలేదు. రూతు కంచంలో అన్నం పెట్టి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి కంచం ఖాళీగా ఉండేది. తిన్నదనుకుని రూతు సంతోషపడేది. ఆ అన్నం తిన్నది నేను.

వారానికి వాసన పట్టింది. రూతు మూత తీసి చూసి ముక్కు మూసుకుంది. నా కడుపు నిండా బూజు పట్టిన మెతుకులు. "అయ్యో అత్తా, దేవుడికి కూడు పెడతన్నావా?" అని తల బాదుకుంది. అందరూ అదే అనుకున్నారు. పిడికెడు బియ్యం అలవాటు, ముసలామె బియ్యానికీ అన్నానికీ తేడా మరిచిపోయిందని జాలిపడ్డారు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, "అమ్మా, దేవుడికి మీరిచ్చింది చాలండి. ఇంక మీరు తినండి" అన్నారు. ఆమె బుద్ధిగా ఆమెన్ అంది. ఆయన అరుగు దిగేలోపే కంచం నాలో ఒంపేసింది.

నాకు మాత్రం తెలుసు. మూత తీసిన ప్రతిసారీ ఆమె నా మీదకు వంగి ఒక మాట గొణిగేది. "పాప లేత్తే పెట్టాలి."

ఆమె దేవుడికి ఇవ్వడం లేదు. ఆమె ఇంకా ఆ మేడ మీదే ఉంది. పిల్ల ఇంకా కళ్ళు తెరవలేదు. ఈ సంగతి ఇంట్లో ఒక్కరికి తెలిసినా చాలు. ఎలా చెప్పను? ఒకరోజు నా మూత జారి గచ్చు మీద పడి గణగణ మోగింది. ఇక వింటారనుకున్నాను. రూతు పరుగున వచ్చి, పిల్లి అనుకుని ఛీ పో అని అదిలించి, మూత పెట్టి వెళ్ళిపోయింది. నా బతుకులో అంత దిక్కుమాలిన రోజు లేదు. నన్ను అటక మీద దాచారు. అప్పుడు ఆమె అన్నాన్ని కొంగులో మూటగట్టుకుంది. ముద్ద నోటి దగ్గర పెడితే పెదవులు బిగించింది. చేతులు పుల్లలైపోయాయి. పైనుంచి చూడటం తప్ప నాకు వేరే పని లేకపోయింది.

కబురు అంది కెజియా సెలవు పెట్టి వచ్చింది. మధ్యాహ్నం నన్ను అటక దింపి, కడుగుదామని కుళాయి దగ్గరకు తీసుకెళ్తోంది. మంచం మీద నుంచి తబితమ్మ చెయ్యి చాచి నా అంచు పట్టుకుంది. అంత బలం ఎక్కడిదో!

"ఎత్తుకుపోకే తల్లీ. పాప లేత్తే ఏం పెట్టను? రెండ్రోజులైంది అది తిని."

"ఏ పాప మామ్మా?"

"మా కెజియా. డబ్బా నిండా బియ్యం ఉండగానే దాన్ని ఎండగట్టేశానే."

గుమ్మంలో ఉన్న రూతు ఆ మాట విన్నది.

నేనే కెజియానని చెప్పి చూసింది ఆ పిల్ల. తబితమ్మ నమ్మలేదు. "నువ్వు నర్సమ్మవి" అంది. అప్పుడు కెజియా నన్ను శుభ్రంగా కడిగి, నాలో వేడి అన్నం పెట్టి, ముసలామె పక్కన ముడుచుకుని పడుకుంది. కాసేపటికి కళ్ళు నులుముకుంటూ లేచి, "మామ్మా, ఆకలి" అంది.

తబితమ్మ ముఖం వెలిగిపోయింది. నా మూత తీసింది. ఈసారి నేను ఒక్క క్షణం కూడా బిగుసుకోలేదు. ముద్ద తర్వాత ముద్ద ఇరవై అయిదేళ్ళ పిల్లకు తినిపించింది. కొంగుతో మూతి తుడిచింది.

"కడుపు నిండిందా?"

"నిండింది మామ్మా. నువ్వు తిను."

రూతు వచ్చి ముద్ద కలిపింది. "పాప బతికిందత్తా. నువ్వే బతికించావు" అంది. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట అనలేదు. తబితమ్మ నోరు తెరిచింది.

అయిదు రోజులు తిన్నది. పూటకు నాలుగు చెంచాల గంజి. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆరో రోజు పొద్దున్నే వెళ్ళిపోయింది. ఆమె తినాల్సిన అన్నమంతా నా కడుపులో పులిసిపోయింది కదా, ఆ బాధను ఏ తుప్పూ తినెయ్యలేదు.

పులిసిన అన్నానికి నా అడుగున చిల్లులు పడ్డాయి. ఏసుపాదం నన్ను పాత సామాన్లవాడి గంపలో వేశాడు. రూతు వీధి చివరిదాకా పరుగెత్తి వెనక్కి తెచ్చుకుంది. ఇప్పుడు వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్నాను. వండే ప్రతిసారీ రూతు పిడికెడు బియ్యం నాలో పోస్తుంది. పోసినవి పోసినట్టే అరుగు మీదకు రాలిపోతాయి. కోళ్ళూ పిచ్చుకలూ వచ్చి ఏరుకు తింటాయి. ఏసుపాదం చూడలేక, మాటు వేయించుకొస్తానని చెయ్యి చాచాడు.

"ఉండనీ," అంది రూతు. "మూత తియ్యమని ఇంకెవరూ ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు."