కసిల్డా బంగారు పన్ను

బనీ ఊళ్ళో మందుల షాపు నడిపే ఎర్సిలియాకు ‘ఉప్పుమడుల కసిల్డా’ నవలంటే ప్రాణం. అందులో కసిల్డా భారీ మనిషి. ఎండుచేపలు అమ్ముతుంది, చుట్ట తాగుతుంది, నవ్విందంటే బంగారు పన్ను మెరుస్తుంది. మోసం చేసి పోయిన కెప్టెన్ ఆఖరికి తిరిగొస్తే, వాడి పడవకు నిప్పుపెట్టి ఆ మంటతోనే చుట్ట అంటించుకుంటుంది.

అది సినిమాగా వచ్చిందనగానే ఎర్సిలియా షాపు మూసేసి, పక్కింటి నెరెయిదాను వెంటబెట్టుకుని మొదటి ఆటకే వెళ్ళింది.

తెర మీద ఈనుపుల్లలాంటి అమ్మాయి కనిపించింది.

“ఎవరీ పిల్ల?” అంది ఎర్సిలియా.

“అదే కసిల్డా అట. ఊరుకో వదినా.”

“చేపలబుట్ట ఎత్తితే నడుం విరిగి చస్తుంది. పన్నేది? చుట్టేది?”

“మీ కసిల్డాను ఇంటికెళ్ళి చదువుకోండమ్మా, మమ్మల్ని దీన్ని చూడనివ్వండి” అన్నారెవరో వెనకనుంచి.

కెప్టెన్ తిరిగొచ్చాడు. వాన మొదలైంది. ఈనుపుల్ల చేతులు చాచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ ఊళ్ళో అది వింతా కాదు, జనరేటర్లో డీజిలు లేకపోవడమూ వింత కాదు. హాలు యజమాని ఎవరిస్తో టార్చిలైటు పట్టుకొచ్చి రేపు రమ్మన్నాడు.

“చివరికేమవుతుందో చెప్పి పో” అని గోల చేశారు జనం.

“నేను చెబుతాను” అంటూ లేచింది ఎర్సిలియా. కసిల్డా చేత పడవ తగలబెట్టించింది, చుట్ట అంటింపజేసింది. చీకట్లో చప్పట్లు మోగిపోయాయి.

మర్నాడు కరెంటు పోలేదు. విన్నవాళ్ళు చుట్టాలను కూడా తీసుకొచ్చి, చివర్లో పడవ కాలే బదులు ముద్దు చూసి మండిపడ్డారు. ఎవరిస్తో తిన్నగా మందుల షాపుకొచ్చాడు.

“నా సినిమాకు ఏం మందు పెట్టారమ్మా? వాళ్ళు ముద్దుపెట్టుకుంటుంటే పడవ తగలబెట్టమని కుర్చీలు బాదుతున్నారు.”

“మందులమ్ముతాను గాని మందు పెట్టను నాయనా. పుస్తకంలో ఉన్నదే చెప్పాను.”

అతను తల గోక్కున్నాడు. “అయితే సాయంత్రం రండి. వాన మొదలవగానే మెయిను నేనే ఆపేస్తాను.”

ఆనాటినుంచి హాలు కిటకిటలాడింది. మొదట్లో ఎర్సిలియా పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. చప్పట్లు పెరిగేకొద్దీ నాలుక జారింది. కెప్టెన్ ప్యాంటుకు నిప్పంటుకుంది. అజువా ఊరినుంచి వాడి పెళ్ళాలిద్దరూ ఒకే బస్సులో దిగారు. కసిల్డాకు బూతులు తిట్టే చిలకొకటి వచ్చింది.

నెరెయిదాకు ఆశపుట్టి నవల పట్టుకెళ్ళి చదివింది. చదివి తెచ్చి బల్లమీద పడేసింది.

“ఇదేంటి వదినా? ప్యాంటు కాలదు. పెళ్ళాలు రారు. చిలక అసలే లేదు.”

ఎర్సిలియా దగ్గుమందు సీసాలు సర్దుతూ, “రాసినాయన మర్చిపోయుంటాడు” అంది.

“సినిమావాళ్ళు కసిల్డా పన్ను పీకేశారని ఊరంతా టముకేశావు. నువ్వేమో చిలకను పెంచుతున్నావు. ఇప్పుడు నాకు పుస్తకమే చప్పగా ఉంది.”

ఆ మాట ఎర్సిలియాకు చురుక్కున తగిలింది. కొంత గర్వంగానూ ఉంది, అందుకు సిగ్గేసింది. ఆ సాయంత్రం ఒట్టు పెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పి ముగించింది. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు.

“మరి చిలక?” అంది ముందు వరసలో ఒక ముసలావిడ, బిక్కమొహం వేసి.

ఎర్సిలియా నెరెయిదా వంక చూసింది. నెరెయిదా కూడా చెవులు రిక్కించుకునే కూర్చుంది.

“వస్తున్నా, చిలక దగ్గరికే వస్తున్నా” అంటూ ఎర్సిలియా గొంతు సవరించుకుంది.