మూడు రోజుల డబ్బా

ఫోను స్పీకరు జాలీలో ఇరుక్కున్న మురికిని ఫిరోజ్ పాత టూత్‌బ్రష్‌తో గీకుతున్నాడు. చెవి గుమిలి, చెమట, ఎర్రటి మిరపదుమ్ము కలిసి గట్టిపడిన మురికి. ఎంత కడుక్కున్నా ఆ వాసన వేళ్ళను వదలదు.

అతనికి నలభై ఆరేళ్ళు. నరసరావుపేట పల్నాడు రోడ్డులోని ఈ కొట్లో పదిహేనేళ్ళుగా అతని పని ఒకటే: పాత ఫోనులో ఉన్నదంతా కొత్త ఫోనులోకి మార్చడం. ఒకప్పుడు ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారాలంటే సగం రోజు పట్టేది. ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెడితే చాలు, అవే మాట్లాడుకుంటాయి. ఎడమవైపు అద్దాల బీరువా ఐఫోన్లది, కుడివైపుది ఆండ్రాయిడ్‌ది. వెనకున్న కంపెనీ గుర్తు మీద వేలు పెట్టి మూస్తే ఏది ఏదో ఒక్కోసారి ఫిరోజ్‌కే తెలియదు. అయినా జనం కౌంటరు ముందు నిలబడి మాదంటే మాది గొప్పదని కొట్లాడుకుంటారు. గుర్తు బయటికి కనపడే కవరు కావాలంటారు. వాళ్ళ మాటలు వింటుంటే అతనికి కాగి కాగి నల్లబడిన నూనె వాసన పీల్చినట్టు ఉంటుంది. "ఇప్పుడు రెండూ ఒకటేనండీ" అనేసి తల వంచుకుంటాడు.

అతనికో పద్ధతి ఉంది. కొత్తదానికి బదులుగా కొట్టుకు ఇచ్చేసిన పాత ఫోనును వెంటనే తుడిచెయ్యడు. కౌంటరు కింద బిస్కెట్ల రేకు డబ్బాలో మెత్తటి గుడ్డ పరిచి, పేరు రాసిన చీటీతో మూడు రోజులు ఉంచుతాడు. ఏదన్నా రాకపోతే మనిషి ఆ లోపు తిరిగొస్తాడని.

"పోయిన మనుషులకి చేసినట్టు ఫోన్లకి గూడా మూడోరోజు చేస్తాడు మా ఫిరోజు" అని నవ్వేవాడు యజమాని త్రికోటేశ్వరరావు.

ఆ సోమవారం బెల్లంకొండ నుంచి రాఘవయ్య అనే మిరప రైతు వచ్చాడు. వెంట సత్తెనపల్లిలో టీచరుగా చేస్తున్న కూతురు స్వాతి. తను వాడే ఐఫోనే తండ్రికీ కొనాలని ఆమె పట్టుదల.

"ఇది బాగానే ఉందిగదే."

"ఏం బాగు నాన్నా, ఛార్జింగు పూటకి రాట్లా."

రాఘవయ్య పాత ఫోనును వెంటనే వదల్లేదు. "సాయిబూ, మిర్చి యార్డులో దళారీలు పొద్దున చెప్పిన రేటు మాపటికి మారుస్తారని ప్రతి ఫోనూ రికార్డు పెట్టేవాణ్ణి. వాళ్ళతోపాటు మా ఇంటిది గూడా రికార్డయింది. నిరుడు పోయింది. ఆమెవే నాలుగొందలకి పైన్నే ఉండయ్యి. అన్నీ తిట్లే. అయ్యి మాత్రం పోగూడదు."

"పోవు పెద్దాయనా. ఇప్పుడు రెండూ ఒకటే."

మాట దానంతటదే వచ్చేసింది.

తండ్రీకూతుళ్ళు హోటలుకు భోజనానికి వెళ్ళారు. ఫొటోలు, పేర్లు, మెసేజులు కొత్త ఫోనులోకి దిగాయి. పూర్తయిందని తెర మీద పడింది. ఫిరోజ్ 'రాఘవయ్య, గురువారం దాకా' అని చీటీ రాసి పాత ఫోనును డబ్బాలో పెట్టాడు.

"అది ఇటియ్యి" అన్నాడు త్రికోటేశ్వరరావు. "పాత ఫోన్లు కొనేవాడు వచ్చి నిలబడ్డాడు. రెండూ ఒకటేనని నువ్వే చెప్తివిగా. ఇంకెందుకు మూడోరోజు?"

ఫిరోజ్ చీటీని గుడ్డ మీదే వదిలేసి, ఫోను తీసి మొత్తం తుడిచేశాడు. తెర తెల్లబడి, ఏ భాష కావాలో ఎంచుకోమని అడిగింది.

రాఘవయ్య తిరిగొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "ఏదీ, ఒకటి ఇనిపించు."

ఫిరోజ్ వేలు కొత్త ఫోనంతా వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది. కాల్ రికార్డింగులు తక్కినవాటితో రావు. వైరు పెట్టి విడిగా తీసుకోవాలి. ఆ సంగతి అతనికి తెలుసు. అవసరం పడక నెలలైంది. ఫోను కౌంటరు మీద పెట్టాడు.

"రాలేదు పెద్దాయనా. పాతదాన్ని తుడిచేశా."

"మళ్ళీ రావా?"

"రావు."

స్వాతి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "ఐఫోన్లో గూడా రికార్డింగు ఉంది నాన్నా. ఇకనుంచి దీంట్లో..."

"ఎవురితో మాట్టాడి రికార్డు చేసుకోనే?"

"కంపెనీవోళ్ళ ఏర్పాటే అంతండీ" త్రికోటేశ్వరరావు అందుకున్నాడు. "మా చేతుల్లో ఏముంటది?"

"కంపెనీది కాదన్నా" అన్నాడు ఫిరోజ్. "నేను చూళ్ళా."

రాఘవయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అన్నం చల్లారిపోతంది, ఏడ సచ్చావ్ అనేది. రోజూ అదే మాట" అని, కొత్త ఫోనును చూడకుండానే జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

సాయంత్రం ఆరింటికి ఫిరోజ్ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. వాసన పోలేదు. అన్నం క్యారేజీ తీసుకుని చెప్పులేసుకున్నాడు.

"రేపు పెందలాడే రా. కొత్త మోడళ్ళు దిగుతయ్యి."

"నేను రానన్నా."

"అలిగావా?" త్రికోటేశ్వరరావు నవ్వాడు. "మూడ్రోజులు కానియ్. నువ్వే వస్తావ్."

గురువారం వచ్చింది, వెళ్ళింది. ఫిరోజ్ రాలేదు. కౌంటరు కింద రేకు డబ్బా మూత తీసే ఉంది. గుడ్డ మీద ఫోను పెట్టినంత మేర పల్లం, ఆ పల్లంలో ఫిరోజ్ రాసిన చీటీ.