తెల్లపేలిక

పంపులో నీళ్ళు ఆగిపోయి అప్పటికి మూడు గంటలయింది. పదహారు మూరల తెల్లబట్ట పెద్దకోడలి కాళ్ళముందు కుప్పగా పడి ఉంది. పందిరి వేసిన కూలీలు రాత్రి దాన్ని పరుచుకుని పడుకున్నారు. టీ మరకలు కొన్ని, బురదకాళ్ళ అచ్చులు కొన్ని. సాయంత్రం నాలుగింటికి నదీ పర్యావరణ విద్యా కేంద్రానికి ప్రారంభోత్సవం. వేదిక మీది బల్లకి పరవాల్సింది ఆ బట్టే.

"ట్యాంకరు రాదట," అంది మేనేజరమ్మ ఫోను చేతిలో తిప్పుకుంటూ. పాతికేళ్ళ పిల్ల. మొహం చూస్తే నిన్నట్నించి ముద్ద దిగినట్టు లేదు. "నదిలోనే ఉతికెయ్యమ్మా. ఎవరు చూడొచ్చారు?"

నదిలో బట్టలుతికితే జరిమానా అన్న బోర్డు ఆ పిల్ల వీపు వెనకే ఉంది.

ఈ భవనం లేచిన చోట నిరుడు దాకా చాకిరేవుండేది. ఉతికే బండలన్నీ పెళ్ళగించి, తిరగేసి, నదిలోకి మెట్లు కట్టారు. ఏ మెట్టు ఎవరి బండో తడిగుడ్డతో తుడిచేటప్పుడు పెద్దకోడలి అరచేతికి తెలిసిపోతుంది. ముప్ఫై ఇళ్ళకి కలిపి ఒకటే ఉద్యోగం ఇచ్చారు. ఊడ్చే పని, నెలకి తొమ్మిది వేలు. అది ఈమెకి దక్కింది. మొగుడి చేతుల మీద చర్మం పొరలు పొరలుగా ఊడి, ఆర్నెల్లుగా మంచం దిగడం లేదు. మరిది మూటలు మోసి తెచ్చేది ఉప్పూ పప్పులకే చాలదు. అందరూ ఒకే పొయ్యి మీద తింటారు.

ఆ ఉద్యోగం కోసం ఆమె చాలా మింగింది. లోపలి గోడకి అత్త ఫోటో నిలువెత్తున పెట్టారు, బండ మీదికి వంగి గుడ్డ బాదుతూ. దానికింద 'నదిని మురికి చేసే అలవాట్లు' అని రాశారు. ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివిన రోజున చీపురు పట్టుకుని కాసేపు నిలబడిపోయి, మళ్ళీ ఊడ్చుకుంది. ఇంటికెళ్ళి, "రేవుకి పెద్దామె అని రాశారత్తా," అంది. ముసలామె వారం రోజులు మురిసిపోయింది. ఈ సాయంత్రం సభలో చెప్పమని కేంద్రంవాళ్ళిచ్చిన నాలుగు ముక్కలు కూడా పెద్దకోడలు బట్టీ పట్టింది. తెలియక నదిని పాడు చేశాం, ఇప్పుడు తెలుసుకున్నాం అని. ఎగువన కూతవేటు దూరంలో ఉన్న అద్దకం మిల్లు ఊసు ఏ గోడ మీదా లేదు. గోడలు లేపింది మిల్లు డబ్బే.

బట్ట భుజాన వేసుకుని మెట్లు దిగింది. రేవులో పుట్టి పెరిగినవాళ్ళెవరూ నీళ్ళని చూసి నమ్మరు. బొడ్లో దోపుకున్న తెల్లపేలిక తీసి నీళ్ళలో ముంచి, వంద లెక్కపెట్టి, పిండి, ఎండకి పట్టి చూసింది. నీలం.

వెనక్కి వచ్చింది. "ఇప్పుడు కుదరదమ్మా. మిల్లువాళ్ళు రంగునీళ్ళు వదిలేశారు. పొద్దుగూకేదాకా నది తేరుకోదు."

"సభ నాలుగింటికి."

"ఇలాగే పరుద్దాం. మరకైతే రేపన్నా పోతుంది. రంగు పట్టిందంటే ఇక పోదు."

"మిల్లు ఓనరుగారే ముఖ్య అతిథి. ఆయన్ని బురద గుడ్డ ముందు కూచోబెట్టనా? నా ఉద్యోగం పోతుంది తల్లీ. కాస్త నీలంగా వస్తే రానీ."

"ఉతకను."

ఫోటో మింగింది, నాలుగు ముక్కలూ మింగింది. చూస్తూ చూస్తూ తెల్లబట్టని రంగునీళ్ళలో ముంచడానికి మాత్రం చేతులు రాలేదు.

"నా చేత్తో పాడు చెయ్యలేనమ్మా," అంది.

మేనేజరమ్మ అరవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే చేసేవాళ్ళని పంపించు. రేపట్నించీ వాళ్ళనే రమ్మను," అంది.

పంపక్కర్లేకపోయింది. కబురు ముందే ఇంటికి చేరింది. తోడికోడలు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటూ ఎదురొచ్చింది.

"నువ్వా?" అంది పెద్దకోడలు.

"నువ్వు కాదంటే ఎవరో ఒకరు ముంచుతారు కదక్కా. ఆ ఎవరో ఒకరు నేనైతే తొమ్మిది వేలు మన పొయ్యి దాటిపోవు." బట్ట లాక్కుని భుజాన వేసుకుంది. "నీ పౌరుషానికి కూడా నేనే వండి పెడతాలే."

"దళసరి బట్ట. రెండుసార్లు జాడించు," అని మాత్రం అంది పెద్దకోడలు.

నాలుగింటికి బల్ల మీద లేతనీలం బట్ట పరిచి ఉంది. మిల్లు ఓనరు దాన్ని చేత్తో నిమిరి, "నది రంగే పరిచారే. భలే ఆలోచన," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరమ్మ ఆ రోజుకి మొదటిసారి నవ్వింది. అక్క బట్టీ పడుతుంటే విన్న ఆ నాలుగు ముక్కలూ చిన్నకోడలు తడుముకోకుండా చెప్పింది. దానికి ఇంకా గట్టిగా కొట్టారు.

సభ అయ్యాక అందరినీ లోపలికి వదిలారు. ముసలామె ఉతికిన చీర కట్టుకుని, పెద్దకోడలి భుజం పట్టుకుని వచ్చింది. ఆమెకి చూపు ఆనదు. బల్ల పక్కనుంచి పోతుంటే బట్ట అంచు వేళ్ళకి తగిలింది. ఆగింది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎవరే ఈ గుడ్డ ఉతికింది? బంగారంలాంటి బట్ట తగలేశారు. మనవాళ్ళు కాదులే."

బల్లకి అటు చివర బట్ట మడవబోతున్న చిన్నకోడలు చేతులు కొంగులో దాచుకుంది. గోళ్ళ చుట్టూ నీలం.

"సరేగానీ, నా ఫోటో ఏదీ?" అంది ముసలామె. "కింద రాసింది ఇంకోసారి చదివి పెట్టవే. ఇంతమందిలో వినాలనుంది."

పెద్దకోడలు ఆమెని గోడ దగ్గరికి నడిపించింది. ఆ చేతిని తీసుకెళ్ళి మొదటి అక్షరం మీద పెట్టింది. చుట్టూ మిల్లువాళ్ళు, పిల్లలు, మేనేజరమ్మ.

ముసలామె మొహం పైకెత్తి, నవ్వు మొహంతో ఎదురుచూస్తోంది.