కోర్టు మీద మట్టి

ప్రతి ఆదివారం పొద్దున్నే ఫిదెన్సియా అత్త చీపురు పట్టుకుని, లాస్ ఏంజెలెస్‌లో వాళ్ల పేట బాస్కెట్‌బాల్ కోర్టులోకి దిగేది. అక్కడ ఆడినవాళ్ల బూట్ల కింద నుంచి వాళ్ల తాతముత్తాతల ఊళ్ల మట్టి రాలుతుంది. ఎల్ సాల్వడార్ పిల్లలు ఆడితే అగ్నిపర్వతపు నల్లబూడిద. పెరూ నుంచి వచ్చిన నకాషిమా అక్కచెల్లెళ్లు ఆడితే జపాన్ వరిమడి బురద. "ఈ నకాషిమాలొచ్చారంటే నా నడుం విరిగిందే!" అని తిట్టుకోవడమే గానీ అత్త ఎన్నడూ ఆశ్చర్యపోలేదు. మిగతావాళ్లూ అంతే. జనాభా లెక్కలవాళ్ల కాగితంలో అందరికీ కలిపి లాటినో అని ఒకటే గడి. అత్త చేటలో మాత్రం వారానికి పది రంగులు.

మెక్సికోలోని ఒహాకా కొండల నుంచి వచ్చినవాళ్ల పోటీలకి ఆ మట్టే గుర్తింపు కార్డు. ఊరికో జట్టు, ఆ ఊరి మట్టి రాలితేనే ఆట. పట్టుబట్టి ఈ నియమం పెట్టించింది యత్సేలా ఊరి జట్టు కోచ్ క్రిసోఫొరో. పోయినేడు అవతలి జట్టులో ఇద్దరమ్మాయిల్ని మట్టి చూపించి మరీ బయటికి పంపించాడు. తను మాత్రం గీత దాటి కోర్టులోకి అడుగు పెట్టడు.

ఫైనల్ రోజు అతని జట్టులో ఒకమ్మాయి చీలమండ బెణికింది. మిగిలింది నలుగురు. ఐదో మనిషి లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. బ్యాండు హోరెత్తిస్తోంది, జనం ఈలలేస్తున్నారు.

"నేనాడతా మామా!" అంటూ ఉరికొచ్చింది నెరేయ్దా. పదహారేళ్లది, నల్లటి పిల్ల, తాడిచెట్టంత పొడుగు. తల్లిది యత్సేలాయే. తండ్రి మార్సియాల్‌ది మాత్రం సముద్రపొడ్డు పల్లె. ఎప్పుడో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి.

"నువ్వు మనూరిదానివి కాదు," అన్నాడు క్రిసోఫొరో.

"నీకు బొడ్డు కోసింది మా అమ్మమ్మేగా! అప్పుడు నీది ఏ ఊరని అడిగిందా?"

జనం గొల్లుమన్నారు. "నడిపించి చూద్దాం. నియమం నీదేగా!" అన్నాడు అవతలి కోచ్ ఎలిహియో.

నెరేయ్దా నడిచింది. ఒక్కో అడుగు కింద యత్సేలా ఎర్రమట్టి, అందులో కలిసిపోయి సముద్రతీరపు బూడిదరంగు ఇసుక, చిన్న చిన్న గవ్వలు.

"సగమే! సగం పిల్ల ఎలా ఆడుతుంది?" అన్నాడు ఎలిహియో.

ఆ ఇసుక క్రిసోఫొరోకి కొత్త కాదు. పన్నెండో ఏట, ఈ దేశం వచ్చిన కొత్తలో, ఈ కోర్టులోనే తన బూట్ల కింద చూశాడు. తల్లి యుఫ్రోసినా గబగబా శాలువాతో తుడిచేసి, "ఎవరికీ చెప్పకు," అంది. తండ్రెవరో చెప్పకుండానే పోయింది. ఇప్పుడు నెరేయ్దా అచ్చం ఆనాడు తను చూసినట్టే, తప్పు చేసినదానిలా, ఆ ఇసుకకేసి చూస్తోంది.

అతను గీత దాటాడు. నాలుగడుగులేశాడు. చాలదన్నట్టు ఎగిరి దూకాడు కూడా. బ్యాండులో ట్యూబా బూర టక్కున ఆగిపోయింది. ఎర్రమట్టి, ఇసుక, గవ్వలు.

"నాదీ సగమే. నియమం పెట్టినవాడే సగం. ఇంక ఆడనివ్వండి."

"నాకు తెలీదనుకున్నావురా?" అంది ఫిదెన్సియా అత్త. "మీ అమ్మ తుడవగా మిగిలింది ఊడ్చింది నేనే. ఊదండయ్యా విజిల్!"

ఇంక చూడండి ఆట! నెరేయ్దా పాదరసంలా జారిపోతుంటే, క్రిసోఫొరో గీత సంగతే మర్చిపోయి, "అటు! అటు కొట్టవే తల్లీ!" అని గొంతు చించుకున్నాడు. ఆఖరి క్షణంలో ఆ పిల్ల విసిరిన బంతి రింగు మీద రెండుసార్లు తిరిగి లోపల పడింది. ఒక్క పాయింటుతో గెలిచారు.

ఆ గోలలో మార్సియాల్ వచ్చి క్రిసోఫొరో అడుగుల దగ్గర కూర్చుని చిటికెడు ఇసుక నాలిక మీద వేసుకున్నాడు.

"ఇది తీరమంతా దొరికేది కాదన్నా. మా ఉప్పుటేటి ఒడ్డుది. ఈ గులాబీ గవ్వ బాచో వాళ్ల వాకిట్లో తప్ప ఎక్కడా ఉండదు." తలెత్తి అతని మొహంలోకి చూశాడు. "ముక్కు కూడా వాళ్లదే! ఆ ఇంట్లో తెయోదులో అనే ముసలాయనది. ఎనభై రెండేళ్లు. పొద్దున కూడా నన్ను ఫోన్లో తిట్టిపోశాడు."

అంటూనే నంబరు కలిపి ఫోను చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్లుగా కోర్టు పక్కన అరిచిన క్రిసోఫొరో ఫోను తిరిగి మార్సియాల్‌కే ఇవ్వబోయాడు. నెరేయ్దా ఫోను లాక్కుంది.

"తాతా, గట్టిగా మాట్లాడు, ఇక్కడ బ్యాండు! యత్సేలా నుంచి ఒకాయన. నీ కొడుకట!"

"యుఫ్రోసినా పిల్లాడా?" అంది ఫోన్లో ముసలి గొంతు. "వాడికియ్యవే ఫోను! త్వరగా ఇయ్యి!"